తెడ్డు అరిగిన వైపు

పాలు అడుగంటినందుకు కాదు, తెడ్డు కనిపించనందుకు తన బాధ అని పెద్దకోడలు ఆ పొద్దున నాలుగోసారి చెబుతోంది.

“గుండ్రటి గరిటె పెట్టి తిప్పితే పాలు గిన్నె మధ్యలో గిరగిరా తిరుగుతాయి అత్తయ్యా. అంచున ఉన్నవి ఉన్నచోటే కూర్చుంటాయి. కూర్చున్నవే మాడతాయి. నేను మొత్తుకునేది అదే.”

అత్తగారు మాడు వాసన పోవడానికి కిటికీ బార్లా తెరిచింది. ఇంట్లో డజను గరిటెలుండగా ఒక చెక్కముక్క కోసం పొద్దున్నే ఇంత రాద్ధాంతం ఏమిటని విసుక్కుంది. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది తనే కాబట్టి, ఆ విసుగులో కాస్త తప్పించుకునే ధోరణి కూడా ఉంది. పెద్దకోడలి భర్త బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, సాయంత్రం కొత్తది తెస్తాలెమ్మన్నాడు.

కొత్తది తేవచ్చు. పదిహేనేళ్ళుగా ఈ గిన్నె అడుగునే రాసుకుని రాసుకుని, ఎడమ మూల అరిగి, సరిగ్గా ఈ గిన్నె వంపుకే ఒదిగిపోయిన తెడ్డును ఏ కొట్టువాడు అమ్ముతాడు? ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ ఊరుకుంది. చెక్కముక్క మీద ఇంత మమకారమా అని నవ్వుతారు.

“దొరుకుతుందిలే అక్కా, నేను చూస్తాను,” అంది చిన్నకోడలు తలెత్తకుండా.

భోజనాల బల్ల మీద ఆ అమ్మాయి ముందు మూడు కేటలాగులు, ఒక స్కేలు, సన్నగా చెక్కిన పెన్సిలు ఉన్నాయి. వెలుతురు బాగుంటుందని కిటికీ పక్క కుర్చీ ఆ అమ్మాయికి ఇచ్చారు. కిందటి నెల దాకా అది పెద్దకోడలు కూరగాయలు తరుక్కునే చోటు. కూరగాయలకు వెలుతురు అక్కర్లేదని ఎవరూ అనలేదు. అసలు ఎవరూ ఏమీ అనలేదు, కుర్చీ మారిపోయిందంతే.

మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి బల్ల మీదికి వంగాడు.

“ఏమంటోంది మన ఇంజనీరమ్మ? గురువారానికి లేత్ మేస్త్రికి చెప్పేయాలి.”

ఆ ఇంటి వెనక షెడ్డులో వాళ్ళు పుస్తకాలు కుట్టేవాళ్ళకూ, అట్టపెట్టెలు చేసేవాళ్ళకూ తెల్లజిగురు ఉడికించి ఇస్తారు. పాత పీపా చాలక, దానికి అయిదింతలుండే ఉక్కు ట్యాంకు ఒకటి తెచ్చి నిలబెట్టారు. మనిషికంటే ఎత్తు, పైన బిగించే మూత. దాని లోపల ఏ రెక్క తిరగాలన్నది ఒక్కటే తేలాలి. ఆ రెక్కను ఇంపెల్లర్ అంటారని నెల రోజుల్లో ఇంటిల్లిపాదీ నేర్చేసుకున్నారు. అత్తగారు కూడా ‘ఇంపిల్లరు ఎప్పుడొస్తుంది’ అని అడుగుతోంది. పెద్దకోడలు మాత్రం పంతం పట్టినట్టు రెక్క అనే అంటుంది.

చిన్నకోడలు రెండు బొమ్మల మీద పెన్సిలు పెట్టి చూపించింది. పలచటివాటికి ఈ మూడు రెక్కల పంకా లాంటిది. వేగంగా తిరిగి, పైనున్నదాన్ని కిందికి తోస్తుంది. చిక్కటివాటికి ఈ లంగరు ఆకారం. ఇది మెల్లగా, ట్యాంకు గోడను రాసుకుంటూ తిరుగుతుంది. ఒకదాని చోట ఇంకొకటి పెడితే మోటారు కాలడమో, జిగురు పాడవడమో ఖాయం.

“ఏది సరైనదో జిగురే చెప్పాలి మామయ్యా. బాగా చిక్కబడ్డప్పుడు ఎంత ఉంటుందో తెలిస్తే చాలు, మిగతాది కేటలాగులో ఉంది.”

“జిగురు సంగతి పెద్దమ్మాయిని అడుగు,” అన్నాడు మామగారు, బీరువా తాళం ఎక్కడుందో చెప్పినంత తేలిగ్గా.

చిన్నకోడలి పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. పెద్దకోడలు అది చూడలేదు. ఆమె మాడిన గిన్నెలో నీళ్ళు పోసి, గోళ్ళతో అడుగు గీరుతోంది.

షెడ్డులో పాత పీపా మీద మోటారు గురగురమంటోంది. దాని ఇరుసుకు మూడు చిన్న రెక్కలు. నీళ్ళూ పిండీ కలిపి ఉడికిస్తున్నంతసేపూ ఆ రెక్కలు బాగానే తిప్పుతాయి. జిగురు చల్లారుతున్నకొద్దీ సంగతి మారుతుంది. మధ్యలో గుంటపడి అక్కడిదక్కడే తిరుగుతూ ఉంటుంది, గోడవారది మొండికేసి కూర్చుంటుంది. అప్పుడు పెద్దకోడలు స్టూలెక్కి, తన ఎత్తున్న పొడుగు తెడ్డు దించి, గోడవారదాన్ని గీకి మధ్యకు తోస్తుంది. ఇంటివాళ్ళ లెక్కలో కలిపేది మోటారు. పెద్దమ్మాయి పక్కన ఉంటుంది, చూసుకుంటుంది.

మధ్యాహ్నం చిన్నకోడలు పుస్తకం పట్టుకుని వచ్చింది. పని కోటు వేసుకుంది కానీ దానిమీద మరక కూడా లేదు. కాసేపు తెడ్డు పోయే దారి చూసింది.

“మోటారు అటు తిరుగుతుంటే మీరు ఇటు తోస్తున్నారేం అక్కా?”

“ఏమో, చెయ్యి అలా పోతుంది.”

ఎదురు తోస్తేనే గోడవారది మధ్యకు వస్తుందని ఆమెకు తెలుసు. అడిగినందుకు లోపల ఎక్కడో సంతోషమూ వేసింది, అడిగిన మనిషిని చూస్తే ఒళ్ళూ మండింది. ఈ అమ్మాయి వచ్చి ఏడాది కాలేదు. ఇంట్లో ఏ మాటకైనా ‘చిన్నది ఏమంటుందో’ అని ఆగుతున్నారు. మొన్న అత్తగారు తలనొప్పి మాత్ర కూడా ఆ అమ్మాయిని అడిగి వేసుకుంది. మాత్రలకూ రెక్కలకూ ఏమిటి సంబంధం?

“మీరు తెడ్డు ఎత్తి ఏదో లెక్కపెడతారట కదా, ఆయన చెప్పారు,” అంది చిన్నకోడలు.

పెద్దకోడలు చేసి చూపించింది. తెడ్డు ముంచి, గుండె ఎత్తుకు లేపి పట్టుకోవాలి. జిగురు తీగలా జారుతుంది. చివరి తీగ తెగేదాకా ఒకటి, రెండు అని తాపీగా లెక్కపెట్టాలి. ఇప్పుడు పొగలు కక్కుతూ ఉంది కాబట్టి నాలుగుకు తెగింది.

“అన్నిటికంటే చిక్కగా ఉన్నప్పుడు?”

చల్లారి, గట్టిపరిచే పొడి కూడా కలిశాక పదకొండు. పదికి దింపితే అట్టలు ఊడతాయి, పన్నెండయితే కుంచెకు అంటుకుని వదలదు. ఆ పదకొండు ఎక్కడా రాసి లేదు. ఎవరికీ అక్కర్లేకపోయింది, ఆమె ఉంది కాబట్టి.

ఆమె కొత్త ట్యాంకు వైపు చూసింది. పదకొండంటే లంగరు రెక్క. లంగరు అంటే గోడను గీకుతూ, మధ్యకు తోస్తూ, భుజం నొప్పి లేకుండా తిరిగే రెక్క. అంటే తన చెయ్యే, కాకపోతే ఉక్కుది. దాని మీద మూత బిగిస్తారు. స్టూలు వేసుకుని ఎక్కడానికి చోటుండదు. మీట నొక్కేది ఈ మరక లేని కోటు.

“నాలుగే,” అంది.

“అప్పుడూ నాలుగేనా?”

“చెప్తున్నాగా. తేనెలా జారుతుంది.”

అబద్ధమేం కాదు, వేడి మీద తేనెలాగే జారుతుందని తనకు తాను చెప్పుకుంది. చిన్నకోడలు పుస్తకంలో నాలుగు వేసి, ఆ అంకెను కాస్త ఎక్కువసేపే చూసి, పుస్తకం మూసింది.

మర్నాడు పొద్దున చిన్నకోడలు ఒక పరీక్ష పెడతానంది. ఒక్క పీపా మాత్రం తెడ్డు పెట్టకుండా మోటారుకే వదిలేసి, సిరా చుక్క వేసి చూద్దామంది. నీలం జిగురైనా అట్టపెట్టెల లోపలికి పనికొస్తుందని మామగారు ఒప్పుకున్నాడు. అందరూ షెడ్డులోకి వచ్చి పీపా చుట్టూ మూగారు. అత్తగారు కుర్చీ కూడా తెప్పించుకుంది. పదిహేనేళ్ళలో ఆవిడ షెడ్డులో కూర్చోవడం పెద్దకోడలు చూడలేదు.

“అక్కా, మీకు ఇష్టమేగా?” అని అడిగింది చిన్నకోడలు.

“నాదేముంది, కానీ.”

పొగలు కక్కుతున్న జిగురులో, గోడవారన, సిరా పడింది. ముందు సన్నటి గీతలా సాగింది, తరవాత మెలి తిరిగింది, నిమిషం గడిచేసరికి పీపా అంతా ఒకే లేతనీలం అయిపోయింది. అత్తగారు చిన్నకోడలి వీపు నిమిరింది. మామగారు ఇదీ పద్ధతి అన్నాడు. మరిది ఎప్పటిలాగే నోటికొచ్చింది అనేశాడు.

“వదినా, మీకిక రిటైర్మెంటే. దండలు ఆర్డరివ్వమంటారా?”

“పోన్లే, నీ భుజం నొప్పి తగ్గుతుంది,” అన్నాడు ఆమె భర్త, నిజంగా ప్రేమగానే.

ఒక్కరి మనసులోనూ చెడు లేదు. కడుపు మండింది అందుకే. దెప్పి ఉంటే తిరిగి ఒక మాట అనేది. ఆమె నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే తరవాత దవడలు లాగాయి.

అందరూ వెళ్ళాక పీపా చల్లారడం మొదలైంది. పెద్దకోడలు తలుపు వైపు ఒకసారి చూసి, గట్టిపరిచే పొడి పోసింది. నీలం మధ్యలో పొడి తెల్లటి చారలుగా నిలిచిపోయింది. గుంట చుట్టూ కొంతే కలిసింది, గోడవారన కదలిక లేదు. ఇప్పుడు వాళ్ళను పిలిస్తే చాలు, ఈ మూడు రెక్కలు చాలవని తేలిపోతుంది. పిలవకపోయినా పరవాలేదు, అలా వదిలేస్తే సాయంత్రానికి వాళ్ళే చూస్తారు.

ఆమె స్టూలెక్కి పొడుగు తెడ్డు తీసింది. చారలన్నీ పోయేదాకా, ఒకటే రంగు అయ్యేదాకా, పంటి బిగువున అరగంట తోసింది. ఎన్నడూ అంత శ్రద్ధగా ఏ పీపా కలపలేదు.

పని చేస్తున్నంతసేపూ రాబోయే రోజు కళ్ళ ముందు ఆడింది. కొత్త ట్యాంకులో మూడు రెక్కల పంకా గిరగిరా తిరుగుతుంది. మధ్యలో గుంట. చుట్టూ జిగురు రాయిలా బిగుసుకుని ఉంటుంది. మూత తీసి అందరూ లోపలికి తొంగి చూస్తారు. మామగారు నీళ్ళు నములుతాడు. అత్తగారు, పెద్దమ్మాయిని పిలవండర్రా అంటుంది. ఇంతవరకూ బాగుంది. ఆ తరవాత ఆ అమ్మాయి ముఖం కనిపించాలి. అక్కడికి వచ్చేసరికి మాత్రం ఏమీ కనిపించలేదు, కోటు ఒక్కటే కనిపించింది.

సాయంత్రం చిన్నకోడలు పీపాలో జిగురు తను దించుతానని షెడ్డులోకి వెళ్ళి, చాలాసేపటికి కానీ రాలేదు. భోజనాల దగ్గర ఆ అమ్మాయి చొక్కా చేయి మోచేతి దాకా గట్టిపడి, అట్టముక్కలా నిలబడి ఉంది. వేడి జిగురు అలా అంటదు. పెద్దకోడలికి ఆ ఆలోచన వచ్చింది, మరుక్షణమే కూర గిన్నె అందించమని ఎవరో అడిగారు.

గురువారం పొద్దున కవరు సిద్ధమైంది. లోపల కొలతల కాగితం. మేస్త్రికి ఇచ్చి రావాలి.

“నేను వెళ్తాను,” అంది పెద్దకోడలు. తనే వెళ్ళి ఇవ్వాలని ఉంది. ఆ మూడు రెక్కలు తన చేతి మీదుగా ఖాయం కావాలని ఉంది.

చిన్నకోడలు కవరు ఇవ్వబోయి, వెనక్కి తీసుకుని, మళ్ళీ ఇచ్చింది.

“సరే అక్కా. మీరు వెళ్తేనే మంచిది.”

లేత్ షాపు రెండు వీధుల అవతల. వాకిట్లో ఇనుప రజను, లోపల నూనె వాసన. మేస్త్రి ఒక ఇరుసును ఆకురాయితో రాస్తున్నాడు. చేయి ఆపకుండానే, రామ్మా, కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. మేస్త్రి బల్ల మీద, మందం కొలిచే కాలిపర్సూ ఉక్కు స్కేళ్ళ మధ్య, ఆమె తెడ్డు ఉంది.

వంటింటి తెడ్డు. ఎడమ మూల అరిగిన తెడ్డు.

“ఇది ఇక్కడికెలా వచ్చింది?”

“మీ చిన్నమ్మగారు ఆదివారం తెచ్చిచ్చారు. మీరు గిన్నెలో దీన్ని ఎలా పట్టుకుంటారో చేసి చూపించి, ఇదిగో, ఈ అరిగిన వంపు ఉంది చూశారా, దీన్ని ఇంతకింత పెంచితే ట్యాంకు అడుగుకు సరిపోయే రెక్క అవుతుందన్నారు.” మేస్త్రి తెడ్డును వెలుతురుకు పట్టి, అరిగిన అంచు మీద బొటనవేలు నడిపించాడు. “నాకు ఇంత బాగా గీసిన డ్రాయింగు ఎవరూ తెచ్చివ్వలేదమ్మా.”

ఆమె కవరు అందించింది. మేస్త్రి కాగితం విప్పి, చదివి, తల గోక్కున్నాడు.

“మంగళవారం కూడా వచ్చి ఇదే గోల. లెక్క నాలుగని మీరన్నారట, నాలుగైతే ఈ వంపుతో పనేముంది, పంకా చాలుగా అన్నాను. అక్క వచ్చి చెప్పేదాకా ఆగమన్నారు. ఇవాళ చూస్తే రెండు లెక్కలు రాశారు. మీరే చూడండి, నేను దేనికి చేయాలి?”

కాగితం మీద పొడుగు, వెడల్పు, ఇరుసు మందం అన్నీ సిరాతో, అచ్చు వేసినట్టు ఉన్నాయి. చిక్కదనం అన్న చోట, ‘నాలుగు – అక్క చెప్పింది’. దాని కింద పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో, ‘పదకొండు – నేను చూసింది. నా చెయ్యి అలవాటు లేనిది, తప్పు కావచ్చు.’ రెక్క ఏది అన్న గడి ఖాళీగా ఉంది.

ఆమె ఆ ఖాళీ గడిని చూస్తూ నిలబడింది. వీధిలో ఎవరో బండి స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. మేస్త్రి మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. నాలుగు అంటే చాలు. అది సిరాతో రాసింది, పైగా తన మాట. కిందిది పెన్సిలు. తుడిస్తే పోయే రాత.

పదకొండు సరిగ్గా పట్టుకోవడానికి తనకు రెండేళ్ళు పట్టింది. ఆ అమ్మాయి ఒక్క సాయంత్రంలో, మోచేతి దాకా పూసుకుని పట్టుకుంది. ఆ సంగతికి ఈర్ష్య పొడుచుకొచ్చింది, మునుపటికంటే ఎక్కువగానే. అయితే ఆ ఈర్ష్యలో ఈసారి ఏదో తేడా ఉంది. తన పని తెలిసిన మనిషిని చూసి కలిగిన ఈర్ష్య అది. ఇన్నేళ్ళలో ఆమెకు అలాంటి మనిషి ఒక్కరూ ఎదురుపడలేదు.

“పెన్సిలిచ్చి పెట్టు మేస్త్రీ,” అంది.

ఇంటికి వచ్చేసరికి చిన్నకోడలు షెడ్డులో పీపా తుడుస్తోంది. పెద్దకోడలి చేతిలో తెడ్డు చూసి, గుడ్డ పీపా అంచున పెట్టింది.

“పాలు మాడినప్పుడే చెప్పాలి నేను. మీరు అంత కోపంగా ఉంటే భయం వేసింది.”

“నిన్న పదకొండు వచ్చిందిగా. రాత్రి బల్ల దగ్గర ఎందుకు అనలేదు?”

చిన్నకోడలు గుడ్డ తీసి మడిచింది, మళ్ళీ విప్పింది.

“అందామనే కూర్చున్నాను. నిజం చెప్పనా అక్కా, మీ లెక్క తప్పయినందుకు నాకు సంతోషం వేసింది. నా కేటలాగుల్ని మామయ్య మెచ్చుకుంటారు. కానీ ఏదైనా తేలకపోతే పెద్దమ్మాయిని అడుగు అంటారు. చిన్నమ్మాయిని అడుగు అని ఈ ఇంట్లో ఎవరూ ఒక్కసారైనా అనలేదు. ఆయన కూడా అనరు, వదిన చేతి జిగురు అంటారు.” ఆ అమ్మాయి గుడ్డ మళ్ళీ మడిచింది. “తీరా నోరు తెరిచేసరికి తోచింది. మీకు తెలియక అన్నారంటే ఎవరూ నమ్మరు. తెలిసే అన్నారని నేననాలి. అది నోటికి రాలేదు.”

పెద్దకోడలు పొడుగు తెడ్డు తీసుకుని, పీపా అడుగున మిగిలిన నీలం జిగురులో ముంచి, ఆ అమ్మాయి చేతికిచ్చింది. గుండె ఎత్తుకు లేపమంది. చిన్నకోడలు లేపింది. మోచెయ్యి మరీ బిగుసుకుపోయి ఉంటే, కిందినుంచి వేళ్ళతో తట్టి వదులు చేయించింది. ఇద్దరూ నోట్లో నోట్లోనే లెక్కపెట్టారు.

“ఎంత?” అంది పెద్దకోడలు.

“పదకొండు.”

“పదకొండున్నర. నిన్నటినుంచి ఆరింది కదా.”

మధ్యాహ్నం భోజనాలకు అందరూ కూర్చున్నారు. మామగారు మేస్త్రి ఏమన్నాడని అడిగాడు. పెద్దకోడలు వడ్డించడం పూర్తి చేసి, గిన్నె దించి, వంటింట్లోంచి తెడ్డు తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. అత్తగారు, హమ్మయ్య దొరికిందా, ఇక పొద్దున్నే పంచాయితీ ఉండదంది.

“జిగురు లెక్క నాలుగు కాదు మామయ్యా, పదకొండు. నాకు తెలిసే నాలుగన్నాను. చిన్నది తనంతట తను చూసి పట్టుకుంది. లంగరు రెక్క చేయమని మేస్త్రికి రాసిచ్చి వచ్చాను.”

మరిది ఏదో హాస్యం ఆడబోయి, వదిన ముఖం చూసి మానుకున్నాడు. భర్త చెయ్యి పళ్ళెంలో అలాగే ఉండిపోయింది.

“తెలిసి ఎందుకన్నావే?” అంది అత్తగారు.

“లంగరు వస్తే ఇక నన్నడిగేవాళ్ళు ఉండరని.”

మామగారు కళ్ళజోడు తీశాడు కానీ తుడవలేదు. ఆమె తన కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులూ దాని వీపు మీద పెట్టుకుంది.

“ఇంకో మాట. కొత్త ట్యాంకు తయారయ్యేదాకా పీపా దగ్గర తెడ్డు పట్టేది చిన్నది, చెయ్యి కుదరాలి కదా. పక్కన కూర్చుని లెక్కలన్నీ కాగితం మీద ఎక్కించేది నేను. ఎలా రాయాలో తను చూపిస్తుంది. ఆ పనికి నాకు కిటికీ పక్క కుర్చీ కావాలి.”

ఎవరూ ఏమీ అనలేదు. చిన్నకోడలు లేచి, తన పళ్ళెమూ నీళ్ళ గ్లాసూ తీసుకుని, పక్క కుర్చీలోకి జరిగింది.